పొట్టేలు గోచి

గాలయ్య పొట్టేలు భుజం మీది ఉన్నిని రెండు బొటనవేళ్లతో పాయ తీసి చూస్తున్నాడు. పైపైన దుమ్ము పట్టి బూడిదరంగుగా ఉన్నా, చర్మం దగ్గరికి వెళ్లేసరికి ఉన్ని మీగడ రంగులో మెరుస్తోంది. పోచలన్నీ ఒకే తీరుగా, సన్నటి అలల్లా ముడతలు పడి ఉన్నాయి. పక్కన అగ్గిపుల్ల ఆనించి ముడతలు లెక్కపెట్టాడు. భుజం దగ్గర, పక్కటెముకల మీద, తొడ మీద, మూడు చోట్లా చూశాడు. మిగతా గొర్రెలకు భుజం మీద ఎంత మెత్తగా ఉన్నా తొడ దగ్గరికి వచ్చేసరికి గరుకు వెంట్రుక తగులుతుంది. దీనికి తొడ మీద కూడా భుజం మీది ఉన్నే.

ఊరొదిలి వచ్చి, మగ్గాల బస్తీ నార్పోలిలో ముప్పై ఏళ్లు పవర్‌లూం సాంచాలు నడిపిన చెయ్యి అది. నూలుపోగు వేళ్ల మధ్య పెట్టి ఒక్కసారి నలిపితే ఎన్నో నంబరో చెప్పగలదు. అంతకు ముందు తాత దగ్గర గొంగడి ఉన్ని ఏరిన చెయ్యి కూడా అదే. ఆ రెండు విద్యలూ ఈ పొట్టేలు దగ్గర కలిశాయని గాలయ్యకు లోలోపల ఒక గర్వం.

అది పాత కార్ఖానా. ఇరవై నాలుగు సాంచాలు పీకి తుక్కు కింద అమ్మేశాక మిగిలిన షెడ్డు. నేలలో బోల్టులు ఇంకా పొడుచుకొని ఉన్నాయి. వాటి మీద చెక్కలు పరిచి, నాలుగు అడ్డకర్రలు కట్టి, పద్నాలుగు గొర్రెలకూ ఈ పొట్టేలుకూ దొడ్డి చేశాడు గాలయ్య. కిటికీలు మనిషి ఎత్తుకు పైన ఉంటాయి, వాటికి జాలీ. ఇవతలి గోడ అవతల వేరేవాళ్ల సాంచాలు పగలూ రాత్రీ టకటకమంటూనే ఉంటాయి. ఒకప్పుడు కండెలు దాచిన మూలగదిని రేకుతో వేరు చేసి ఇస్తే, అందులో గాలయ్య, అతని భార్య యమునాబాయి ఉంటున్నారు. ఈ షెడ్డులో పుట్టిన గొర్రెలు గడ్డినేల చూడలేదు. టెంఘర్ నాకా దగ్గర కూరగాయల బండ్లవాళ్లు పారేసే క్యాబేజీ ఆకూ, కాలీఫ్లవర్ ఆకూ, మక్క తొక్కలే వాటికి పచ్చిమేత.

"గాలయ్యా, పొట్టేలును ఇటు తోలుకరా."

షెడ్డుకూ మందకూ యజమాని, శేటు లక్ష్మీకాంతం గొంతు. ఆయన వెనక కొడుకు రూపేష్, ఆ వెనక శాంతినగర్ మక్బూల్ భాయ్. మక్బూల్ భాయ్ ఏటా బక్రీదు ముందు వచ్చి షెడ్డులోని మగ గొర్రెపిల్లలను కొనుక్కుపోతాడు. పండుగ ఇంక మూడు రోజులే ఉంది. ఈ ఏడు అమ్మే పిల్లలు లేవు. గాలయ్యకు ఏమీ అర్థంకాక, మెడతాడు పట్టుకొని పొట్టేలును ముందుకు తెచ్చాడు.

మక్బూల్ భాయ్ దాని కింది పెదవి కిందికి లాగి పళ్లు చూశాడు. చెవులు తడిమాడు. నడిపించి నాలుగు కాళ్లూ చూశాడు. "దో దాంత్. ఏక్ భీ ఐబ్ నహీ," అన్నాడు, రెండు పళ్లు పడ్డాయని, ఎక్కడా వంక లేదని తృప్తిగా. తరువాత దాని పొట్ట కింద కట్టిన గుడ్డ చూసి, ఈ గోచి ఎందుకని నవ్వాడు. "ఏ లంగోట్ కాయ్‌కో?"

"శేటూ, ఇది అమ్మేది గాదు గద. ఇత్తనానికి పెట్టింది," అన్నాడు గాలయ్య.

"ఇత్తనమా?" లక్ష్మీకాంతం కర్ర మీద చెయ్యి ఆనించాడు. "నాలుగేండ్లాయె గాలయ్యా. సన్నబొచ్చు గొర్రెలన్నవ్, మన బొచ్చుతోని మన సాంచాల మీదనే శాలువలన్నవ్. నేను గూడ ఆశపడ్డ. కాదంటలేను. ఇప్పుడు సాంచాలే లేకపాయె."

"బొచ్చు రిపోర్టు రానియ్యిండ్రి. గది మంచిగొస్తే..."

"ఊన్ కా రిపోర్ట్?" రూపేష్ ఫోన్‌లోంచి తల ఎత్తాడు. "వో తో ఆగయా మామా. ఎప్పుడో వచ్చింది." వేలితో పైకీ కిందికీ తోసి వెతికాడు. "ఏప్రిల్ ఇరవై ఎనిమిది."

గాలయ్య చేతిలో మెడతాడు సడలింది. నెల రోజులు. "ఏమున్నది బిడ్డా అందుల?"

"ట్వంటీ వన్ పాయింట్ త్రీ అని ఉంది. గది మంచిదో చెడ్డదో నాకేం ఎరుక?" అన్నాడు రూపేష్. గాలయ్య ముఖం చూశాడో ఏమో, అక్షరాలను రెండు వేళ్లతో పెద్దవి చేసి, ఫోన్ ఆయన కళ్ల ముందు కదలకుండా పట్టుకున్నాడు.

పోచ మందం ఇరవై రెండు మైక్రాన్లకు లోపు రావాలి. మొదటి సన్నబొచ్చు పొట్టేలును ఇచ్చిన సర్కారు ఫారం ఆఫీసరు చెప్పిన లెక్క అది. ఉన్ని కొలిపించకుండా ఏ పొట్టేలునూ గొర్రెల మీదికి వదలొద్దని కూడా ఆయనే చెప్పాడు. ఒక గొర్రె చెడ్డదైతే ఒక పిల్ల చెడుతుంది, పొట్టేలు చెడ్డదైతే మందంతా చెడుతుందని. మొదటి రెండేళ్లు గాలయ్య ఆ మాట వినలేదు. ఫలితంగా తొడల మీద మేకవెంట్రుకలున్న పిల్లలు పుట్టాయి. మూడో ఏడు పుట్టినవాటిలో ఏరి ఏరి ఉంచింది ఈ ఒక్కదాన్ని. అందుకే హోలీ నుంచి దీనికి గోచి కట్టి, రిపోర్టు కోసం కూర్చున్నాడు.

"ఇరవై రెండుకు లోపే," అన్నాడు గాలయ్య. అవతలి సాంచాల చప్పుడులో ఆ మాట ఎవరికీ వినపడలేదు. గొంతు పెంచాడు. "శేటూ, ఒక్క పదిహేడు రోజులు ఆగుండ్రి. గొర్రె పదిహేడు రోజులకోసారి ఎదకొస్తది. ఒక్క సుట్టు తిరగనియ్యిండ్రి. అటెన్క మీ ఇష్టం."

"పదిహేడు రోజులు ఆగు అంటే బక్రీద్ ఆగుతదా?"

మక్బూల్ భాయ్ తల దించుకొని పొట్టేలు వీపు నిమురుతున్నాడు. పండుగ ముందురోజు పొద్దున టెంపో తెస్తానన్నాడు.

వెళ్తూ వెళ్తూ లక్ష్మీకాంతం గడప దగ్గర ఆగాడు. "గొర్రెలను గూడ భాయే తీసుకుంటడు, అదేరోజు. నీ రిజిస్టర్ల నువ్వే రాసినవ్ గద ఎనిమిది ఖాళీ అని. ఎదకు రానివాటిని పెట్టుకోని ఏం జేస్త చెప్పు. రూపేష్ గోదాం వాళ్లతోని మాట్లాడిండు. నెలాఖరుకు షెడ్డు ఇయ్యాలె." గొంతు తగ్గించాడు. "నువ్వు గూడ రూం చూసుకో. యాదిలుంచుకో, నేను నిన్ను ఎల్లగొడ్తలేను."

ఆ చివరి మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియనట్టుంది. కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రిజిస్టరు గాలయ్య తలాపున ఉంటుంది. ఎర్ర అట్ట పుస్తకం. ఒక్కో గొర్రెకు ఒక్కో పేజీ. పని తీరు ఇది: పొట్టేలు రొమ్ముకు రోజూ జాజు, అదే ఎర్రమట్టి, పూసి మందలోనే ఉంచుతాడు. గోచి ఉంటుంది గనుక అది ఏమీ చెయ్యలేదు, కానీ ఎదలో ఉన్న గొర్రెను పసిగట్టి మీదికి ఎక్కబోతుంది. గొర్రె నడుము మీద ఎర్రటి మరక పడుతుంది. పొద్దున ఆ మరకలు చూసి తారీఖు రాసుకుంటాడు. పదిహేడు రోజులకు మళ్లీ మరక పడాలి. హోలీ తరువాత అన్నిటికీ పడింది. రెండో చుట్టులో మూడింటికి పడలేదు. మూడో చుట్టుకు ఎనిమిదింటికి పడలేదు. ఎండలకు ఎద తప్పాయనుకున్నాడు. దాణా చాలడం లేదనుకున్నాడు. పేజీ పేజీకి తన చేత్తోనే 'ఖాళీ' అని రాశాడు. శేటు నెలకోసారి వచ్చి చూసేది ఆ పుస్తకమే. తన అక్షరాలే తిరిగి వచ్చి తన మెడకు చుట్టుకున్నాయి.

ఆ మధ్యాహ్నం గాలయ్య నాకా దగ్గరికి ఆకు ఏరుకురావడానికి పోలేదు. పొట్టేలును నిలబెట్టి గోచి ముడులు విప్పాడు. సాంచా మీంచి దిగిన, రంగు వెయ్యని గ్రే గుడ్డను రెండు మడతలు పెట్టి యమునాబాయి కుట్టిన గోచి అది. నాలుగు మూలలా నాడాలు ఉంటాయి. విప్పి పక్కన పడేసి, దొడ్డి అడ్డకర్ర తీసి, పొట్టేలును మళ్లీ గొర్రెల మధ్యకు తోలాడు.

అది మెడ చాచి ఒక్కోదాన్ని వాసన చూసింది. మూతి పైకెత్తి, పై పెదవి ముడిచి, ఆలోచిస్తున్నట్టు నిలబడింది. ఒక్క గొర్రె కూడా నిలవలేదు. అన్నీ తోక అణచుకొని పక్కకు తప్పుకున్నాయి. కాసేపటికి పొట్టేలు వెళ్లి దాణాతొట్టిలో మూతి పెట్టింది.

"పో... పోరా..." దాన్ని మళ్లీ మళ్లీ తోలాడు గాలయ్య. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

ఒంటిగంటన్నరకు యమునాబాయి వచ్చింది. పక్క సందులో కండెలు చుట్టే పని ఆమెది. తల మీద నూలు పీచు, చేతిలో బకెట్. లోపల మొగుణ్ని చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఆకుకు పోలేదా నువ్వు?"

"ఆకు ఎవరు తినాలె ఇంక?" అని జరిగింది చెప్పాడు గాలయ్య. పొట్టేలు సంగతి, గొర్రెల సంగతి, చివరికి రూం సంగతి.

ఆమె బకెట్ కింద పెట్టి, నేల మీద పడి ఉన్న గోచిని అందుకొని దులిపింది. దొడ్డిలో అటూ ఇటూ తిరుగుతున్న మొగుణ్నీ, తొట్టిలో తల పెట్టిన పొట్టేలునూ చూసింది.

"మూడు నెలలు గోచి కట్టి, మూడు రోజులల్ల సంసారం చెయ్యమంటే ఏం జేస్తడు పోరడు?"

"నవ్వకే. నవ్వే యాల్లనా ఇది?"

"నేను నవ్వుతలేను," అంది. నిజంగానే ఆమె ముఖంలో నవ్వు లేదు. ఏదో చెప్పబోయి, బకెట్ తీసుకొని నల్లా దగ్గరికి వెళ్లింది.

ఆ సాయంత్రం గాలయ్య శాంతినగర్‌లో రూముల కోసం తిరిగాడు. ఒకచోట ముందస్తు అడిగారు. ఇంకొకచోట, కొడుకులెవరైనా పనిచేస్తున్నారా అని అడిగారు. మూడో చోట ఏమీ అడగలేదు, తెల్లవెంట్రుకలు చూసి రూం లేదన్నారు. కంటైనర్ లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయిన రోడ్డు పక్కన, బురదకాలువ గట్టు మీద ఒంటికాలి మీద నడుస్తున్నట్టు నడిచి ఇంటికొచ్చాడు.

మర్నాడు పొద్దున కూడా జాజు మరకలు చూశాడు. ఒక్కదానికి పడింది, పన్నెండో నంబరుకు. అదైనా పొట్టేలుకు నిలిచిందా లేదా తెలియదు. అన్నిటిలోకీ దానిదే ముతక ఉన్ని. రిజిస్టరు మోకాలి మీద పెట్టుకొని కూర్చున్నాడు. యమునాబాయి ఆ రోజు పనికి పోలేదు. రెండు గ్లాసుల చాయ్ తెచ్చి, ఒకటి ఆయన ముందు పెట్టి, ఎదురుగా పీట వేసుకుంది.

"గా ఎనిమిది ఖాళీ గావయ్యా."

"నీకేం ఎరుక?"

"గోచి నేను ఉతికేదాన్ని గద."

"ఉతికితేంది?"

"తడి గోచి ఎట్ల కడ్తరు? ఎండేదాక విప్పే ఉంచేది."

గాలయ్య గ్లాసు నోటిదాకా తీసుకుపోయి ఆపాడు. "ఎంతసేపు?"

"నువ్వు ఆకుకు పోయి వచ్చేదాక." ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "వారంల రెండుసార్లు. ఎండలు ముదిరినంక మూడుసార్లు."

"ఎన్నటిసంది?"

"హోలీ అయిన వారంకెల్లి."

అవతలి సాంచాల్లో ఏదో ఒకటి ఆగినట్టుంది, చప్పుడులో చిన్న ఖాళీ పడి మళ్లీ పూడుకుంది. గాలయ్య గ్లాసు కింద పెట్టాడు. కోపం వచ్చింది. ఎంత వచ్చిందంటే మాట తడబడింది. "రిపోర్టు రాక ముందే! గది ముతకదైతే? మందంత మళ్ల ఖరాబయితే? మూడేండ్లు నేను పోచ పోచ చూసి... నాకొక్క మాట చెప్పద్దా?"

"చెప్తే విప్పనిద్దువా? నీ పుస్తకమేమో నీకు దేవుడాయె. దాని పొట్ట కింద చూసినవా ఎన్నడన్న? ఉచ్చకు గుడ్డ నాని పుండ్లు పడ్డయి. నేనే పసుపు రాసిన." ఆమె గొంతు పెరగలేదు. "గడ్డి లేదు, ఎండ లేదు. పుట్టినకాడికెల్లి ఈ సాంచాల సప్పుడే. మనమంటే ఏదో అనుకోని వచ్చినం. అది ఏమనుకోని వచ్చింది? గంటసేపు దాని బతుకు అది బతుకనియ్యి అనుకున్న. గంతే."

గాలయ్య పుస్తకం పక్కన పెట్టాడు. లేచి దొడ్డిలోకి వెళ్లాడు. ఇంకా మేత వెయ్యలేదు, కడుపులు ఖాళీగా ఉన్నాయి, అది మంచిదైంది. ఆరో నంబరు గొర్రె మెడను మోకాళ్ల మధ్య వదులుగా ఇరికించుకొని వంగాడు. పొదుగుకు ముందు, పొట్ట కింద అరచెయ్యి చాపి పెట్టి, మెల్లగా పైకి ఎత్తి వదిలాడు. ఏమీ లేదు. మళ్లీ ఎత్తి వదిలాడు. ఈసారి గట్టిగా, చిన్నగా, ఏదో పైకి పోయి తిరిగి వచ్చి అరచేతికి తగిలింది. నీళ్లలో ముంచిన నిమ్మకాయ తేలి చేతికి తగిలినట్టు.

చెయ్యి అక్కడే ఉంచి, మళ్లీ తగులుతుందేమోనని చూశాడు. గొర్రె కదలకుండా నెమరువేసింది.

ఎనిమిదింటినీ చూశాడు. ఏడు ఖాయం. ఎనిమిదోది నిజంగానే ఖాళీ, ఒట్టి కొవ్వు. షెడ్డులో గోచి ఉన్నా లేకున్నా పొట్టేలు ఇదొక్కటే. తండ్రి ఎవరని అడగాల్సిన పని లేదు. ఇరవై ఒకటి పాయింట్ మూడు. తన చెయ్యి మూడు నెలలుగా ఈ వీపుల మీది మరకలే వెతికింది గానీ, ఒక్కసారి కూడా పొట్ట కిందికి పోలేదు. తాత బతికి ఉంటే నెత్తి మీద ఒకటి ఇచ్చేవాడు. ఎద తప్పిన గొర్రె పొట్ట తడిమి చూడాలని పసిపిల్లకు కూడా తెలుసు. గోచి ముడి మీద అంత నమ్మకం పెట్టుకున్నాడు తను.

"ఏడు," అన్నాడు బయటికి వచ్చి.

యమునాబాయి తల ఊపింది. "చాయ్ సల్లారింది. ఇంక జెర పెట్టనా?"

పండుగ ముందురోజు పొద్దున టెంపో వచ్చింది. మక్బూల్ భాయ్ డ్రైవరు టెంపో నేల మీద తడిపిన గోనెసంచులు పరిచాడు, రేకు కాలకుండా. లక్ష్మీకాంతం కుర్చీ వేయించుకొని షెడ్డు నీడలో కూర్చున్నాడు. రూపేష్ ఫోన్‌లో ఎవరికో షెడ్డు పొడవు, వెడల్పు చెబుతున్నాడు.

"శేటూ, గొర్రెలల్ల ఏడు సూడివి," అన్నాడు గాలయ్య.

లక్ష్మీకాంతం ఆయనవైపు జాలిగా చూశాడు. "గాలయ్యా, మొన్నటిదాక ఖాళీ, ఇయ్యాల సూడివా? రూం కోసం గిట్ల మాట్లాడితే ఎట్ల? నీ అంతటోడు."

"గోచి కట్టంగ కట్టంగ ఎట్ల సూడివైతయి మామా?" రూపేష్ ఫోన్ చెవికి దూరంగా పట్టుకొని నవ్వాడు. "గోచి లోపల్నుంచి వైఫైనా?"

యమునాబాయి నల్లా దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వేసింది. గాలయ్య ఆమెవైపు చూడకుండానే అన్నాడు:

"నేను ముడి సరిగ కట్టలేదు శేటూ. వదులు కట్టిన. తప్పు నాదే. పుస్తకంల రాసింది గూడ తప్పే."

ఆ మాట అనడానికి ఆయనకు కష్టమైంది. ముప్పై ఏళ్లలో ఆయన కట్టిన ముడి వదులైందని ఎవరూ అనలేదు. తెగిన పోగు అతికితే ముడి ఎక్కడుందో బట్టలో కనపడేది కాదు. ఆ సంగతి లక్ష్మీకాంతానికి తెలుసు. ఆయన కనుబొమలు దగ్గరికి వచ్చాయి. గాలయ్యను, వెనక నిలబడ్డ యమునాబాయిని, ఆమె చేతిలోని తడి గోచిని వరసగా చూశాడు. 

మక్బూల్ భాయ్ చొక్కా చేతులు పైకి మడిచాడు. దొడ్డిలోకి వెళ్లి, దగ్గరున్న గొర్రె పక్కన గొంతుక్కూర్చొని, పొట్ట కింద చెయ్యి పెట్టాడు. ఎత్తి వదిలాడు. గాలయ్య ఎలా చేశాడో అచ్చం అలాగే. మరొకటి చూశాడు. మూడోది చూశాక లేచి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"గాభన్ హై సేట్. సహీ బోల్‌తా హై." నిజంగానే సూడివి. "మై నహీ లేతా. మేరా బాప్ భీ నహీ లేతా థా." తన తండ్రి ముట్టనిది తానూ ముట్టనన్నాడు. ఈని, పిల్లలు పాలు మరిచాక కబురు పెట్టమన్నాడు.

"మరి మిగతా ఏడన్న..." అన్నాడు రూపేష్.

మక్బూల్ భాయ్ చేతులు ఊపాడు. సగం మందను విడదీస్తే సూడివి బెదిరి ఈసుకుపోతాయని, కడుపులు పోతాయని, తనకు అంత తొందర లేదని హిందీలో గొణిగి టెంపో వైపు నడిచాడు. అంతమాత్రానికే బెదరవని గాలయ్యకు తెలుసు. అయినా ఆ మాటను ఆయన నేల మీద పడనివ్వలేదు. "ఔ శేటూ, ఈసుకపోతయి," అన్నాడు వెంటనే.

లక్ష్మీకాంతం కుర్చీలో వేళ్లు ముడుస్తూ నెలలు లెక్కపెట్టాడు. ఈనేది శ్రావణంలో. పాలు మరిచేది దీపావళికి. "సూడిదాన్ని ఎవడమ్ముతడు," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. తరువాత కొడుకుతో, "గోదాం వాళ్లను దీపావళి అయినంక రమ్మను."

"నానా, వాళ్లు అప్పటిదాక రుకుతారా?"

"ఆగకపోతే ఇంకొకడు వస్తడు. ఈ ఊళ్లె గోదాంలకు కరువా?"

పొట్టేలును తోలుకుపోవడం మాత్రం ఆగలేదు. బేరమైపోయింది, మాట ఇచ్చేశారు. గాలయ్యే మెడతాడు పట్టుకొని గడప దాకా తెచ్చాడు. అక్కడ అది ఆగిపోయింది. చెక్కల మీద తప్ప నడవలేదది. ముందరికాలు మట్టి మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. తల ఎత్తి, జాలీ లేని వెలుతురులోకి కళ్లు చికిలించింది. గాలయ్య తాడు గుంజలేదు. మక్బూల్ భాయ్ కూడా తొందరపెట్టలేదు. టెంపోలోంచి పచ్చటి లూసర్న్ గడ్డి ఒక పిడికెడు తెచ్చి దాని ముందు పట్టుకొని నిలబడ్డాడు. పండుగ దాకా ఇంట్లో పిల్లల చేతి మేతే తింటుందని చెప్పాడు. అది గడ్డిని వాసన చూసి, కొంచెం తిని, ఆ గడ్డి వెంటే నడిచి బండి ఎక్కింది.

ఎక్కించేటప్పుడు గాలయ్య దాని భుజం మీది ఉన్నిలోకి బొటనవేళ్లు పోనిచ్చి పాయ తీశాడు. చూడాల్సింది ఏమీ లేదు. అలవాటు. తలుపు పడింది. టెంపో సందు మలుపులో ఒక కంటైనర్ వెనక ఇరుక్కొని, చాలాసేపు హారన్ కొట్టి, తరువాత కనపడకుండా పోయింది.

గాలయ్య లోపలికి వచ్చి రిజిస్టరు తీశాడు. ఏడు పేజీల్లో 'ఖాళీ' కొట్టేశాడు. ఎనిమిదో పేజీ దగ్గర కలం ఆపి, దాన్ని అలాగే వదిలేశాడు. మళ్లీ దీపావళి వస్తుంది. గోదాం వాళ్లూ వస్తారు. అప్పటికి పిల్లల తొడల మీద ఉన్ని ఎలా ఉంటుందో, ఈ మూలగది ఎవరిదవుతుందో తెలియదు. ఆకుకు వేళైంది. చేతిబండి బయటికి తీశాడు.

జాలీ కింద తాడు మీద యమునాబాయి గోచిని ఆరేస్తోంది. నాలుగు నాడాలూ ముడతలు లేకుండా లాగింది.

"దాన్ని ఇంక ఎందుకు ఉతుకుడు?" అన్నాడు.

"మరి పారెయ్యనా?"

గాలయ్య బండి పిడి మీద చెయ్యి పెట్టి ఆలోచించాడు. "ఉండనియ్యి. అండ్ల ఒక్క మగపిల్ల సన్నబొచ్చుది పుట్టినా కట్టాల్నాయె. మళ్ల కొలిపిచ్చేదాక."

"కట్టు," అంది యమునాబాయి, గుడ్డ అంచు సరిచేస్తూ. "ఉతికేదాన్ని నేనే గద."